ఏడో వరుసలో వదిలేసిన కొస

ఈశ్వర్‌కు సముద్రం పడదు. శ్రీకూర్మం దాటి తీరం వైపు వెళ్తే వచ్చే చిన్న పేటలో, ఆరబెట్టిన వలల మధ్య పాకుతూ పెరిగినవాడు, మొదటిసారి పడవ ఎక్కిన రోజునే పేగులు నోటికొచ్చేలా కక్కుకున్నాడు. ఆ పడవ మేనమామ దాలయ్యది. కుర్రాడు కక్కిన చోటికి బంగాళాఖాతంలోని చేపలన్నీ పెళ్లి భోజనానికి వచ్చినట్టు వచ్చేశాయనీ, నిండిన వల లాగలేక పక్క పడవల్ని కేకేయాల్సి వచ్చిందనీ, ఇంత మంచి ఎర మళ్లీ దొరకదు, రోజూ పంపించమంటే కుర్రాడి తల్లి, తన చెల్లెలు తాతమ్మ ఒప్పుకోలేదనీ దాలయ్య పేటంతా చెప్పుకు తిరిగాడు.

అలా నేలకు మిగిలిపోయిన ఈశ్వర్ శ్రీకాకుళంలో డిప్లొమా చదివి, తాళ్ల బదులు తీగలు పట్టుకున్నాడు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ పని నేర్చుకున్నాడు. దాలయ్య కూతురు ఉషనే పెళ్లి చేసుకున్నాడు. నీళ్లమీద నిలబడలేనివాణ్ణి నేలమీదైనా ఎవరో ఒకరు పట్టుకుని నిలబెట్టాలి కదా అని మామ పెళ్లి పందిట్లోనే అనేశాడు. అల్లుడు నవ్వాడు. ఆ మామ మాటలకు కోపం తెచ్చుకుంటే పొద్దస్తమానం కోపంగానే ఉండాలని అతనికి చిన్నప్పుడే తెలుసు.

దాలయ్య ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఎలా పోయాయన్నది ఎవరు అడిగారన్నదాన్ని బట్టి ఉండేది. పేటలో పిల్లలకు సొరచేప కొరికింది. శ్రీకూర్మం వచ్చే యాత్రికులకు, వలలో పడిన ముసలి తాబేలును విడిపించి సముద్రంలోకి వదిలితే అది వెనక్కి తిరిగొచ్చి గుర్తుగా రెండు వేళ్లు పట్టుకుపోయింది. బొబ్బిలి నుంచి ఎండుచేపలు కొనడానికి వచ్చే వ్యాపారికి, పొగమంచులో ఒక స్టీమరు పడవ మీదికి వస్తే దాన్ని చేత్తో పక్కకు నెట్టాడు. అసలు సంగతి కూతురికీ తెలీదు, అల్లుడికీ తెలీదు.

తర్వాత దాలయ్యకు భుజం జారింది. వల లాగే చేయి తలదాకా లేవడం మానేసింది. పడవ అమ్మేశాక ఆ మనిషి సముద్రానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక వానాకాలమంతా కథలు లేవు. ఉషకు భయం వేసింది. ఈశ్వర్ అప్పటికే రాజాంలో అద్దె ఇంట్లో ఉంటూ నారాయణమూర్తి దగ్గర పనిచేస్తున్నాడు. మామను తీసుకొచ్చి, అటెండరుగా పెట్టుకోమని యజమానిని బతిమాలాడు. ఈయన వల్ల ఏ మాట వచ్చినా తనదే పూచీ అన్నాడు.

నారాయణమూర్తి పూర్వం ధాన్యం వ్యాపారి. బియ్యం మిల్లు మూతపడ్డాక ఆ గోదాములో కంప్యూటర్లు పేర్పించి ఆన్‌లైన్ పరీక్షా కేంద్రం చేశాడు. యంత్రాలు పోయినా తవుడు వాసన పోలేదు, ఎలుకలు ఇల్లు ఖాళీ చేయలేదు. వానాకాలంలో పరీక్ష రాసేవాళ్లు తుమ్మితే గోడల సందుల్లోంచి పాత తవుడు రాలేది. ఒక అభ్యర్థి తుమ్ముకు పైకప్పు మీది పావురాలన్నీ లేచి పాలకొండదాకా ఎగిరిపోయాయని దాలయ్య చెప్పడం మొదలుపెట్టిన రోజున, ఉష లోపలికెళ్లి కళ్లు తుడుచుకుంది. నాన్న తిరిగొచ్చాడు.

కాబట్టి ఈశ్వర్‌కు ఆ ఉద్యోగం రెండు ఉద్యోగాల కింద లెక్క.

చేరిన కొత్తలో దాలయ్య, నువ్వు చేసే పనేమిట్రా అని అడిగాడు. ఈశ్వర్ పేటతోనే చెప్పాడు. పడవలు ఒడ్డుకొచ్చాయని ఒకింట్లో కేక వేస్తే పక్కింటివాళ్లు అందుకుని ఆ పక్కింటికి వేస్తారు. వీధి తిన్నగా ఉంటే చివరి ఇంటి దగ్గర కేక ఆగిపోతుంది. అదే ఇళ్లు గుండ్రంగా ఉంటే కేక చుట్టూ తిరిగి మొదటి ఇంటికే వస్తుంది. వాళ్లు కొత్త కబురనుకుని మళ్లీ అందుకుంటారు. రెండో చుట్టుకు ఇంకా గట్టిగా, మూడో చుట్టుకు ఇంకా. కాసేపటికి పేటలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కంప్యూటర్లను కలిపే స్విచ్ డబ్బాలు కూడా అలాంటి ఇళ్లే.

“మొదటోడికి తన గొంతు తనకి తెల్దేటి?” అన్నాడు దాలయ్య.

తెలీదు. మామూలు కేకకు పేరుండదు. అందుకని పెద్ద స్విచ్‌లు తమ పేరు చెప్పుకుంటూ మధ్యమధ్య ఒక ప్రత్యేకమైన కేక వేస్తాయి. తన పేరే తనకు తిరిగి వినపడిందంటే దారి గుండ్రంగా ఉందని అర్థం. వెంటనే ఒక ద్వారం మూసి ఆ చుట్టును తెంపుతాయి. ఈ ఏర్పాటు పేరు స్పానింగ్ ట్రీ. స్విచ్‌కు ఉండే ఆ ద్వారాలే పోర్టులు. పరీక్ష కంప్యూటర్లు వేసిన వెంటనే పనిచేయాలి కనుక, వాటి వరుసలకు వెళ్లే పోర్టుల్ని ఆరా తీయకుండా తెరిచిపెడతారు. తెరిచిపెట్టినందుకు కాపలాగా ప్రతి పోర్టుకూ ఒక గార్డు పెడతారు. అక్కడ స్విచ్ కేక వినపడితే చాలు, గార్డు ఆ పోర్టును మూసిపారేస్తుంది. వరుసల్లో బల్లల కింది చిన్న డబ్బాలకు ఆ కేక వేయడం రాదు, విన్నదాన్ని అందుకోవడమే వచ్చు.

దాలయ్య అంతా విని, మీ డబ్బాలకు మా పేట ఆడవాళ్లకున్న తెలివి కూడా లేదన్నాడు.

గొడవ నమూనా పరీక్ష నాడు మొదలైంది. అసలు పరీక్షకు ముందు అంతా సరిగా ఉందో లేదో చూడటానికి పరీక్షలు జరిపే కంపెనీ తరఫున విశాఖపట్నం నుంచి భారతి అనే పర్యవేక్షకురాలు వచ్చింది. ఆమెతో వచ్చినవాళ్లు మూడో వరుసలో తమ సొంత స్విచ్ ఒకటి తగిలించారు. గార్డుకు కొత్త గొంతు వినపడింది. చెప్పినట్టే ఆ పోర్టును మూసేసింది. వరుసంతా నల్లబడింది. భారతి కనుబొమలు కలిశాయి. నారాయణమూర్తికి చెమట పట్టింది.

ఆ గార్డు మంచికే ఉందని ఈశ్వర్ చెప్పబోయాడు. భారతి అక్కడ ఉండగానే నారాయణమూర్తి అడ్డుకున్నాడు. మిల్లు నడిచే రోజుల్లో ఫ్యూజు ఊరికే పోతుంటే లావు తీగ చుట్టి నడిపేవాణ్ణనీ, అసలు రోజున ఒక్క వరుస ఆగినా ఇక ఈ గడపకు పరీక్షలు రావనీ, ఆ తాళాలన్నీ తన కళ్లముందే తీసేయాలనీ అన్నాడు. ఆ మిల్లు మోటారు చివరికి ఎలా కాలిపోయిందో ఈశ్వర్‌కు గుర్తుంది. అడగలేదు. యజమాని భుజం వెనకే నిలబడి ఉండగా గార్డుల్ని తీసేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మళ్లీ ఎక్కడా పోర్టు మూతపడిందన్న మాట రాకూడదని, వరుసలకు వెళ్లే పోర్టులు స్పానింగ్ ట్రీ కేక వేయకుండా, విన్నా పట్టించుకోకుండా చేశాడు. కాపలావాణ్ణి పంపించేయడమే కాదు, ఇంటివాడి నోట్లో, చెవుల్లో గుడ్డ కుక్కినట్టయింది. అది తప్పని చేస్తున్నప్పుడే తెలుసు. సాయంత్రం ఆయన వెళ్లాక తిరిగి పెట్టేద్దామనుకున్నాడు. సాయంత్రం జనరేటరు మొరాయించింది. మర్నాడు ఇంకేదో. అలా అసలు పరీక్ష వచ్చేసింది.

అది సర్కారు ఉద్యోగాల పరీక్ష. సాలూరు నుంచి, మందస నుంచి, పాలకొండ నుంచి తొలి బస్సులు పట్టుకుని వచ్చినవాళ్లు గేటు ముందు బారులు తీరారు. దాలయ్య వాళ్ల సంచులు తీసుకుని, చీటీలిచ్చి, లోపలికెళ్లి నీళ్ల సీసాలు సర్దాడు. అంతా కూర్చున్నాక ఏడో వరుసలో ఒక కంప్యూటర్ వెలగలేదు. దాని ముందున్న అమ్మాయి శ్రావణి చేయి ఎత్తింది. వయసు పరిమితి దాటిపోతోందనీ, తనకిదే ఆఖరి పరీక్ష అనీ, ఏమీ కాదు కదా అనీ గొంతు తగ్గించి అడిగింది. ఈశ్వర్ ఆమెను అదే వరుస చివరనున్న అదనపు కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టాడు. పాడైనదాని కేబుల్ ఊడదీసి, బల్ల కింద ఉన్న చిన్న స్విచ్ డబ్బా వైపు చూస్తున్నాడు. ఇంతలో సర్వరు గదిలోంచి భారతి పిలిచింది. చేతిలోని కేబుల్ కొసను కింద వదిలేసి పరిగెత్తాడు. తర్వాత చూడొచ్చనుకున్నాడు.

పరీక్ష మొదలైంది. ఈశ్వర్ తన గదిలోకి వచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు ధాన్యం తూచిన కాటా గది అది. గోడకున్న పెద్ద స్విచ్ మీద ఆకుపచ్చ దీపాలు ఎప్పటిలాగే ఒక్కోటీ ఒక్కో తీరుగా మినుకుమంటున్నాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. చూస్తుండగానే అన్నీ ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరి, మళ్లీ వెలిగాయి. అమ్మవారి జాతరలో సీరియల్ బల్బుల్లా అన్నీ ఒకే ఊపున కొట్టుకోసాగాయి.

ఈశ్వర్ కుర్చీలోంచి లేచాడు. ఎక్కడో దారి గుండ్రమైంది. కేక తిరుగుతోంది.

హాల్లో ఎవరూ అరవలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. మౌస్‌లు నొక్కుతున్న చప్పుడు మాత్రం పెరిగింది. ప్రతి తెర మీదా చిన్న చక్రం తిరుగుతోంది. భారతి వేగంగా నడిచి వచ్చింది, గొంతు పెంచలేదు. ఒక్క కంప్యూటరుకూ సర్వరు కనపడటం లేదంది. రాసినవరకూ భద్రంగానే ఉంటుంది, ఆగిన సమయం మళ్లీ కలుపుతారు, కానీ ఇలాగే కొనసాగితే పై ఆఫీసుకు చెప్పి ఈ పూట పరీక్ష రద్దు చేయాలి. ఎవరైనా కావాలని తీగల మీద చెయ్యి వేశారని తేలితే అది కేంద్రం మామూలు తప్పు కాదు, పోలీసు కేసు. ఇప్పుడు చట్టం గట్టిగా ఉంది.

నారాయణమూర్తి గుమ్మంలోంచే, ఆపేసి మళ్లీ వెయ్యి, మళ్లీ వెయ్యి అంటున్నాడు. ఆపి వేసినా గుండ్రటి దారి గుండ్రంగానే ఉంటుందని ఆయనకు చెప్పే తీరిక లేదు. ఎలుక కొరికి ఉంటుందా అని ఆయనే మళ్లీ అడిగాడు. ఎలుక దారిని తెంపుతుంది గానీ కలపదు. ఇది మనిషి పని.

ఒక్కో వరుస కేబులూ ఊడదీసి చూడవచ్చు. కానీ ఊడదీసిన ప్రతి వరుసలోనూ అందర్నీ మళ్లీ పరీక్షలోకి లాగిన్ చేయించాలని, తన పాస్‌వర్డ్‌తో ఒక్కొక్కరినే రానివ్వాలని భారతి హెచ్చరించింది. ఇక మిగిలింది ఒక్కటే. వదిలేసిన కాపలాను తిరిగి నిలబెట్టడం.

నెట్‌వర్క్ మీదుగా స్విచ్‌ను పలకరిస్తే పలకలేదు. ఆ అరుపుల్లో దానికెవరి మాట వినపడుతుంది? ఈశ్వర్ అరలోంచి నీలం కన్సోల్ కేబుల్ తీసి స్విచ్‌కు నేరుగా తన ల్యాప్‌టాప్ తగిలించాడు. అతను కొట్టిన అక్షరం తెర మీదికి రావడానికి, ఆటు వేళ అల తిరిగొచ్చినంత సేపు పట్టింది. రెండుసార్లు తప్పు కొట్టాడు. వెనక నుంచి ఇద్దరి ఊపిరీ వినిపిస్తోంది.

నమూనా పరీక్ష నాడు మూడో వరుసలో పెట్టిన మీ స్విచ్ ఇంకా ఉందా అని అడిగాడు. ఉంటే గార్డు దాన్నీ మూసేస్తుంది. ఆ రోజే తీసుకెళ్లిపోయాం అంది భారతి. ఆ గార్డుల్ని ఆ తర్వాత ఏం చేశారని మాత్రం ఆమె అప్పుడు అడగలేదు. ఈశ్వర్ తలెత్తకుండా కొట్టుకుంటూ పోయాడు.

ముందు పోర్టుల నోటికీ చెవులకూ అడ్డం తీసేశాడు. తర్వాత అన్నిటికీ గార్డు పెట్టాడు. ఎంటర్ నొక్కాడు.

ఏమీ కాలేదు. దీపాలన్నీ అలాగే కొట్టుకుంటున్నాయి.

అంతలో ఏడో దీపం పచ్చదనం వదిలి పసుపు రంగుకు మారి నిలిచిపోయింది. ఆ వెంటనే మిగతావన్నీ ఒక్కోటిగా ఊపు తప్పి, వాటి వాటి లయల్లోకి వెళ్లిపోయాయి. హాల్లోంచి ఎవరిదో పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఒక్క వరుసలో తప్ప అన్ని తెరల మీదా ప్రశ్నలు తిరిగొచ్చాయి.

ఏడో వరుస. ఈశ్వర్ అక్కడికి వెళ్లేసరికి శ్రావణి చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆగిపోయిన తెరవైపే చూస్తూ కూర్చుంది. అతనివైపు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని కాబోలు. అతను మోకాళ్ల మీద బల్ల కిందికి దూరాడు. భారతి అక్కడే నిలబడింది. ఆమె చెప్పుల కొనలు అతనికి కనిపిస్తున్నాయి.

బల్ల కింద అంతా పొందిగ్గా ఉంది. ఏ కేబులూ ఊడలేదు, నలగలేదు. ప్రతిదీ దాని బెజ్జంలో అది కూర్చుంది. ఈ చివర నుంచి ఆ చివరకు పాకి చూశాడు. తప్పు కనపడలేదు. మళ్లీ మొదటికొచ్చి, పాడైన కంప్యూటర్ కింద ఆగాడు. అప్పుడు తోచింది. తాను ఇక్కడ ఒక కొస వదిలేసి వెళ్లాడు. ఆ కొస ఏదీ?

కేబుల్‌ను చేత్తో తడుముకుంటూ పోయాడు. ఒక కొస చిన్న స్విచ్ డబ్బాలో ఉంది. రెండోది తిరిగి అదే డబ్బాలో, పక్క బెజ్జంలో ఉంది. మధ్యలోని పొడుగంతా చక్కగా చుట్టచుట్టి, బల్ల కాలికి వల నూలుతో కట్టి ఉంది. ముడి చూశాడు. రాత్రి చీకట్లో, తడిచేతులతో, ఒక్క లాగుకు ఊడదీయగలిగే ముడి. ఆ ముడి వేయడం తనకు ఐదారేళ్ల వయసులోనే వచ్చు. మూడు వేళ్ల చేత్తో నేర్పించినవాడు ఒక్కడే.

చెప్పుల కొనలు కదిలాయి. దొరికిందా అంది భారతి.

ఈశ్వర్ ముడి లాగాడు. అది మర్యాదగా ఊడివచ్చింది. నూలును పిడికిట్లోకి, పిడికిట్లోంచి జేబులోకి తోశాడు. కేబుల్‌ను డబ్బాలోంచి పూర్తిగా తీసేసి బయటికొచ్చాడు. కాటా గదిలోకి పోయి, మూసుకున్న పోర్టును మళ్లీ తెరిచాడు. ఏడో దీపం పచ్చబడింది. భారతి ఆ వరుసలో ఒక్కొక్కరినే తన పాస్‌వర్డ్‌తో పరీక్షలోకి రానిచ్చింది. హాల్లో శ్రావణి చేయి మౌస్ మీదికి వెళ్లడం తలుపు సందులోంచి కనపడింది.

ఒక కేబుల్ రెండు కొసలూ ఒకే డబ్బాలో ఉన్నాయని భారతికి చెప్పాడు.

“ఎవరు పెట్టారు?”

“తెలీదు మేడమ్.”

ఆమె అతని ముఖంలోకి చూసి, పరీక్ష అయ్యాక కెమెరా చూద్దాం అంది. హాల్లోని కెమెరాలు వేరే తీగల మీద, వేరే పెట్టెలోకి రికార్డు చేస్తాయి. ఆ పెట్టె బిగించింది ఈశ్వరే.

పరీక్ష ముగిసేదాకా అతను జేబులో చెయ్యి పెట్టుకునే తిరిగాడు. ఆ తర్వాత మిల్లు వెనక, ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన సిమెంటు కళ్లంలో, నీళ్ల సీసాలు కడుగుతున్న మామ దగ్గరికి వెళ్లాడు.

“మావా, ఏడో వరుసలో బల్ల కింద తీగ నువ్వేనా కట్టినావు?”

“నానే,” అన్నాడు దాలయ్య తల ఎత్తకుండానే. “నువ్వు కొస ఒగ్గీసి ఎల్లిపోనావు. ఆ పిల్ల గుంట లేచినప్పుడు కాలికి తగులుకుంటే? పేటలో పుట్టినోడివి, కొస ఒగ్గీసి ఎల్తావేట్రా?”

“కట్టినావు సరే. బెజ్జంలో ఎందుకు పెట్టినావు?”

“కాళీ బెజ్జం ఉన్నాది. దానికీ దీనికీ సరిపోనాది. టక్కుమని సప్పుడు కూడా సేసింది. అక్కడిది కాకపోతే అందులో ఎలగ పడతాది?”

ఈశ్వర్ పక్కన కూలబడ్డాడు. కేక గుండ్రంగా తిరిగేసిందని చెప్పాడు. అంతకన్నా చెప్పనక్కర్లేకపోయింది. దాలయ్య చేతిలో సీసా అలాగే ఆగింది. లోపల కాసేపు అందరూ అలా ఉండిపోయింది ఇందుకేనా అని అడిగాడు. ఆ పిల్ల ఏడ్చిందా అని అడిగాడు. ఏడవలేదన్నాడు ఈశ్వర్.

“నా వల్లే కదరా.”

“నీ వల్ల కాదు మావా.”

“అబద్దాలు నా దగ్గిరాడకు. ఆ పనిలో నీకంటే పెద్దోణ్ణి.”

కెమెరాలో ఏం కనపడినా నువ్వు ఒప్పుకోవద్దన్నాడు ఈశ్వర్. నేల తుడవడానికి వంగానను, సీసా జారిందను, నీకు నచ్చిన కథ ఏదో ఒకటి చెప్పు, మిగతాది నేను చూసుకుంటా. పోలీసు అన్న మాట మాత్రం అనలేకపోయాడు. దాలయ్య సీసా కింద పెట్టాడు. లేని వేళ్ల చోటును కుడిచేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు. గోడవైపు తిరిగి కూర్చున్న ఆ వానాకాలం ఈశ్వర్ కళ్లలో మెదిలింది.

అభ్యర్థులంతా వెళ్లిపోయాక కాటా గదిలో భారతి కుర్చీ లాక్కుని కూర్చుంది. నారాయణమూర్తి తలుపు దగ్గరికి వేశాడు. అప్పటికే ఆయనకు ఒక దారి తోచింది. ఎవరో ఒకరు దొరికితే కేంద్రం బయటపడుతుంది, ఆ దొరికినవాణ్ణి తానే స్టేషనుకు తీసుకెళ్తానని రెండుసార్లు అన్నాడు. ఈశ్వర్ కెమెరా పెట్టె ముందు నిలబడి, రికార్డింగును వెనక్కి తిప్పడానికి వేలు పెట్టాడు.

తలుపు తెరుచుకుంది. దాలయ్య లోపలికొచ్చి, తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

“సూడక్కర్లేదమ్మా. ఆ తీగ నానే పెట్టినాను.”

నారాయణమూర్తి లేచాడు. భారతి చేత్తోనే ఆయన్ను కూర్చోమంది. ఎవరు పెట్టమన్నారని దాలయ్యను అడిగింది. ఎవరూ అనలేదన్నాడు. మరి ఎందుకు ముట్టుకున్నావంది.

దాలయ్య ఎడమచెయ్యి చాపి ఆమె ముందు పెట్టాడు. ఈశ్వర్ కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు సొరచేప వస్తుంది, లేదా తాబేలు వస్తుంది, ఈమె నవ్వుతుంది లేదా లేచిపోతుంది, ఎలాగైనా మామ పని అయిపోయింది.

“కుర్రతనంలో మా అయ్య పడవలో లంగరు తాడు కొస ఒగ్గీసినాను,” అన్నాడు దాలయ్య. “ఎవురో కాదు, నానే. లంగరు ఏసీసరికి ఆ కొస నా సేతికే సుట్టుకున్నాది. రెండు వేళ్లు తాడుతో పాటు ఎల్లిపోనాయి. మా అయ్య ఏటీ అన్లేదు. అప్పుట్నించి కొస కనపడితే సెయ్యి ఆగదు. మీ తీగ తాడు కాదని నాకు తెల్దు తల్లీ.”

ఆ కథకు తోకా లేదు, తాబేలూ లేదు. ఈశ్వర్ జేబులోంచి నూలు తీసి బల్ల మీద పెట్టాడు.

“నేను అబద్ధం చెప్పాను మేడమ్,” అన్నాడు. “ముడి చూసి తెలుసుకున్నాను. ఆ కొస వదిలేసింది నేను. గార్డు తీసేసిందీ నేనే. అది ఉండుంటే ఈయన తీగ పెట్టిన వెంటనే ఆ ఒక్క వరుసే ఆగేది. నేను వెళ్లి సరిచేసేవాణ్ణి. ఊరంతా మునిగేది కాదు.”

గార్డు తీయమని ఎవరు చెప్పారని భారతి అడిగింది. ఈశ్వర్ బల్ల మీది నూలు వైపే చూశాడు. నారాయణమూర్తి పైకప్పు వైపు చూశాడు. అక్కడ ఆయనకు కావలసినదేదీ కనపడలేదు. నమూనా పరీక్ష నాడు ఆమె కళ్లముందే జరిగిన మాటలవి. మూడో వరుస ఆగినందుకు తాను ముఖం చిట్లించిన సంగతీ ఆమె మరిచిపోయినట్టు లేదు. కాసేపు కలం మూతను తీసీ పెట్టీ కూర్చుంది.

తర్వాత కెమెరా వేయించి చూసింది. దాలయ్య నీళ్ల సీసా పెట్టడం, వంగడం, లేచి చేతులు దులుపుకుని తృప్తిగా చూసుకోవడం అన్నీ ఉన్నాయి. ఎవరితోనూ మాట లేదు, సైగ లేదు. దొంగపని చేసినవాడు అంత తృప్తిగా చూసుకోడని ఆమె అంది.

జరిగింది జరిగినట్టే రాస్తానంది. అటెండరు తెలియక తగిలించాడని, ఆ పొరపాటును ఆపాల్సిన గార్డును కేంద్రం ముందే తీయించిందని. నారాయణమూర్తి గొంతు సవరించుకుని, మొదటి సంగతి వివరంగా, రెండోది క్లుప్తంగా రాయవచ్చేమోనన్నాడు. రెండూ ఒకే సైజు అక్షరాల్లో రాస్తానని, అటెండర్ను పనిలోంచి తీసేస్తే గార్డు తీయించింది ఎవరన్నది పేరుతో సహా రాయాల్సి వస్తుందని ఆమె చాలా మర్యాదగా చెప్పింది. గార్డులన్నీ తిరిగి పెట్టినట్టు ఎవరైనా వచ్చి సరిచూసేదాకా ఇక్కడ పరీక్షలుండవంది. ఈశ్వర్ అబద్ధం చెప్పిన సంగతి కూడా రాస్తానంది. పరీక్షల రోజున దాలయ్య హాల్లో అడుగు పెట్టకూడదంది.

ఆ చివరి మాటకు దాలయ్య తల ఊపాడు గానీ, బయటికొచ్చాక కడిగిన సీసాల్నే మళ్లీ కడిగాడు. హాల్లో నీళ్ల సీసాలు సర్దే పని అతనికి ఇష్టం. మోటారు సైకిలు మీద ఇంటికెళ్తూ, ఇన్నాళ్లూ ఆ సంగతి ఎందుకు చెప్పలేదని ఈశ్వర్ అడిగాడు.

“సొరసేప కొరికిందంటే పేటలో పదిమంది కూకుని ఇంటారు,” అన్నాడు దాలయ్య అతని వీపు వెనక నుంచి. “కొస ఒగ్గీసినాడంటే ఎవుడు పడవెక్కించుకుంటాడ్రా?”

సరిచూసేవాళ్లు వచ్చారు. ఒక కేబుల్ రెండు కొసలూ తెచ్చి ఒకే డబ్బాలో కావాలనే పెట్టారు. పెట్టీ పెట్టగానే ఆ పోర్టు మూసుకుంది, పక్క దీపాలు కన్నెత్తి కూడా చూడలేదు. నారాయణమూర్తి, ఇదంతా మిల్లు రోజుల నుంచీ తాను చెబుతున్నదేనన్నట్టు తల ఆడించాడు. పరీక్షలు మళ్లీ వచ్చాయి.

మళ్లీ వచ్చిన మొదటి పరీక్ష రోజు ఉదయం ఈశ్వర్ హాలంతా ఒకసారి పాకి చూసుకున్నాడు. ఏ బల్ల కిందా కొస వేలాడటం లేదు. వాడకంలో లేని కేబుళ్లన్నీ చుట్టలు చుట్టి, బెజ్జాలకు దూరంగా, మేకులకు వల నూలుతో కట్టి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం మామ అనుమతి అడిగి మరీ కట్టిన ముడులవి.

కాటా గదిలో కూర్చుని పోర్టుల్ని మళ్లీ ఒక్కోటీ చూసుకుంటుంటే కిటికీలోంచి గేటు దగ్గర మాటలు వినపడ్డాయి. సంచి అప్పగిస్తున్న కుర్రాడెవరో, వేళ్లు ఎలా పోయాయి తాతా అని అడుగుతున్నాడు. ఈశ్వర్ చేయి ఆపి విన్నాడు.

“కంప్యూటర్ డబ్బాలో పెట్టినాను బాబూ,” అంటున్నాడు దాలయ్య. “గార్డు ఉన్నాదని తెల్దు. టక్కున మూసీసింది. నువ్వు మటుకు లోపల ఏటీ ముట్టుకోకు.”

ఈశ్వర్, గార్డు ఎక్కడా తప్పిపోలేదు కదా అని, చూసిన పోర్టుల్నే మొదటినుంచి మళ్లీ చూడటం మొదలుపెట్టాడు.